పురుషవేషం అక్కరలేని ధైర్యం: గౌతమీ వశిష్ఠల నడుమ స్త్రీబలం

ధవళేశ్వరం దాటగానే గోదావరి రెండు పాయలై తూర్పున గౌతమిగా, పడమట వశిష్ఠగా సాగుతుంది. ఆ రెంటి నడుమ సముద్రం దాకా పరచుకున్న త్రికోణపు నేల కోనసీమ కాగా, చెన్నై, కోల్‌కతా నగరాలను కలిపే జాతీయ రహదారి గౌతమి వంతెన దిగి ఆ నేలను తాకే ఊరు రావులపాలెం. అరటి గెలల మార్కెట్టుకు పేరుపడ్డ ఈ ఊరి గతాన్ని నదులు, వంతెనలు, పంటలు, నాయకుల పేర్లతో చెప్పడం పరిపాటి. అయితే దీనికి వాయవ్యాన ఆత్రేయపురం, దక్షిణాన గన్నవరం, తూర్పున గౌతమికి ఆవల ద్రాక్షారామం ఉన్నాయి. ఈ చుట్టుపక్కల స్త్రీలు చేసిన పనులను ఒక్కచోట చేర్చి చూస్తే, బలంగా నిలబడాలంటే స్త్రీ మగవాడి కాఠిన్యాన్ని అరువు తెచ్చుకోవాలా అన్న ప్రశ్నకు ఈ డెల్టా ఇచ్చిన జవాబు కనిపిస్తుంది. ఆ జవాబు చరిత్ర గ్రంథాల్లో కన్నా వంటిళ్లలో, పొలాల్లో, పొయ్యి గట్ల దగ్గర ఎక్కువగా నమోదైంది కనుకనే దాన్ని వెతికి చదవవలసి వస్తోంది.

ప్రశ్న మాత్రం చాలా పాతది. 1262 ప్రాంతంలో ఓరుగల్లు పాలన చేపట్టిన కాకతి రుద్రమదేవి తన శాసనాల్లో రుద్రదేవ మహారాజుగా, అంటే మగపేరుతో, మగవాడి బిరుదుతో కనిపిస్తుంది. మగసంతానం లేని తండ్రి గణపతిదేవుడు ఆమెను కొడుకులా పెంచి రాజ్యం అప్పగించాడని, ఆమె పురుషవేషంలో కొలువు తీర్చేదని తరువాతి సంప్రదాయం చెబుతుంది. ఆమె భర్త చాళుక్య వీరభద్రుడు గోదావరికి పడమట నిడదవోలును ఏలిన వంశంవాడు కాబట్టి ఈ కథ డెల్టాకు మరీ పరాయిది కూడా కాదు. చందుపట్ల శాసనం ఆధారంగా 1289లో ఆమె మరణించిందని చరిత్రకారులు నిర్ణయించారు. సింహాసనమన్నది మగవాడి కోసమే రూపొందిన కాలంలో దాని మీద కూర్చోవడానికి ఆమె చెల్లించిన సుంకం ఆ వేషం. అందుకు ఆమెను తప్పుపట్టవలసిన పని లేదు. గమనించవలసిన సంగతి వేరే ఉంది: తెలుగు తీరానికి వచ్చిన వెనిస్ యాత్రికుడు మార్కో పోలో ఈ రాణిని గురించి రాస్తూ మెచ్చుకున్నది ఆమె కత్తిని కాదు, ఆమె న్యాయబుద్ధిని, దేశంలో ఆమె నిలిపిన శాంతిని. వేషం పాలనకు దారి ఇచ్చింది, పాలనను మంచిదిగా చేసిన గుణాలు ఆ వేషానికి సంబంధించినవి కావు.

రుద్రమదేవి తరువాత తెలుగులో ధైర్యవతి అయిన స్త్రీని పొగడవలసి వచ్చినప్పుడల్లా కవులు, చరిత్రకారులు ఆమెను మగవాడితో పోల్చడానికి అలవాటుపడ్డారు. ఇరవయ్యో శతాబ్ది తొలినాళ్లలో బండారు అచ్చమాంబ ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ పేరుతో స్త్రీల జీవితచరిత్రలను కూర్చినప్పుడు, స్త్రీలు పుట్టుకతోనే బలహీనులు, తెలివి తక్కువవారు అన్న వాదాన్ని ఖండించడం తన ఉద్దేశాల్లో ఒకటిగా పెట్టుకున్నది. 1905లో చిన్న వయసులోనే మరణించిన ఆమె చేసిన మేలు ఏమిటంటే, వీరవనితల పక్కనే విదుషీమణులను, భక్తురాళ్లను, గృహిణులను కూడా నిలబెట్టి, బలానికి ఒక్క కొలతే లేదని చూపడం. కోనసీమ చరిత్రకు సరిగ్గా ఇటువంటి చూపే కావాలి, ఎందుకంటే ఈ నేలలో అందరికన్నా పెద్దపేరు తెచ్చుకున్న స్త్రీ ఎన్నడూ కత్తి పట్టలేదు, వేదిక ఎక్కలేదు, తన గడప వదిలి దూరం వెళ్లనూ లేదు.

డొక్కా సీతమ్మ 1841లో మండపేటలో, అనుపిండి వారి ఇంట పుట్టింది. ఆమె పుట్టుకకు ముందు దశాబ్దం గోదావరి జిల్లాకు చేటుకాలం: 1830ల తొలి సంవత్సరాల్లో నందన కరువు తెలుగు కోస్తాను ఊడ్చివేయగా, 1839 నవంబరులో కోరంగి రేవును ఉప్పెన ముంచెత్తింది. ఆ కష్టాల నేపథ్యంలోనే ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం ఆనకట్టకు పథకం వేశాడు. 1847లో మొదలైన పని 1852 నాటికి పూర్తయి, బొబ్బర్లంక దగ్గర మొదలయ్యే మధ్య డెల్టా కాలువ కోనసీమకు నీళ్లు తెచ్చింది. గన్నవరం దగ్గర వశిష్ఠ నుంచి చీలిన వైనతేయ పాయ మీదుగా కాలువ నీటిని ఆవలి నగరం లంకకు దాటించడానికి రాతి ఖానాల మీద అక్విడక్టు, అంటే నది మీద కాలువను మోసే వంతెన, కట్టారు. ఆ గన్నవరానికే, దాన్ని లంకల గన్నవరం అనేవారు, సీతమ్మ డొక్కా జోగన్న భార్యగా కాపురానికి వచ్చింది. మెట్టినింట పండిన వరి, కాలువల వెంట పెరిగిన రాకపోకలు, వైనతేయ రేవు దాటే బాటసారులు, అంతర్వేది తీర్థానికి వెళ్లే యాత్రికులు అన్నీ ఆ ఇంటి ముందు కలిశాయి. ఆమె దానగుణాన్ని చెప్పేటప్పుడు ఈ కాలువల సంగతి సాధారణంగా వదిలేస్తారు గాని, 1876 నుంచి 1878 దాకా మద్రాసు రాజధానిని దహించిన ధాత కరువులో గోదావరి డెల్టా తాను తిని ఇతర జిల్లాలకు ధాన్యం పంపగలిగిందంటే అది ఆ కాలువల చలవే; అయితే ఆ గింజకు నీరు ఎంత ముఖ్యమో అంతకు మించి దాన్ని ఎవరి విస్తట్లోకి పంపాలో నిర్ణయించే చెయ్యి ముఖ్యం.

ఆ చెయ్యి చేసిన పని ఎటువంటిదో కొంచెం దగ్గరగా చూడాలి. అన్నదానం అనగానే మనసుకు తోచేది మెత్తని కారుణ్యమే కాని, వేళాపాళా లేకుండా వచ్చే అతిథులకు వండి వార్చడం మొరటు శ్రమ. తెల్లవారుజామున పొయ్యి రాజేసి, కట్టెలు ఎగదోసి, ఇత్తడి గుండిగలో ఎసరు కాగాక కడిగిన బియ్యం పోసి, ఉడికిన అన్నాన్ని గంజి వార్చడానికి ఆ బరువైన గుండిగను ఇద్దరు పట్టి వంచినప్పుడు ఎగిసే ఆవిరి ముంజేతులను కాలుస్తుంది. వడ్డన ముగిసి ఆకులు ఎత్తే వేళకు మరో పడవ రేవుకు రావచ్చు, అప్పుడు మళ్లీ ఎసరు పెట్టాలి. అర్ధరాత్రి తలుపు తట్టినవారికి సైతం కులం అడగకుండా అన్నం పెట్టేదని సీతమ్మను గురించి చెప్పుకుంటారు. పందొమ్మిదో శతాబ్ది బ్రాహ్మణ గృహంలో ఆ మాటకు ఉన్న బరువు చిన్నది కాదు, ఎందుకంటే మడి, అంటే వంటకూ భోజనానికీ పాటించే శుచి నియమం, ఎవరికి ఎక్కడ పెట్టాలన్నదాన్ని కూడా నిర్దేశించేది. జీవితంలో ఒక్కసారి అంతర్వేది నరసింహస్వామిని చూడాలని ఆమె బయలుదేరి, దారిలో ఆకలిగొన్న పెళ్లి బృందం సీతమ్మగారింటికి చేరితే అన్నం దొరుకుతుందని అనుకోవడం చెవిన పడి, యాత్ర మానుకుని వెనుదిరిగి వచ్చిందన్న కథ ఈ ప్రాంతంలో ఇంటింటా ఉంది. ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేక ఉత్సవానికి ప్రభుత్వం ఆమెను ఆహ్వానించిందని, ఆమె రానని చెప్పగా కనీసం ఛాయాచిత్రమైనా తీయించుకుని వెళ్లి సభలో ఉంచిందని మరో కథ. వివరాల్లో జనశ్రుతి ఎంత ఉన్నా, 1909లో ఆమె మరణించే నాటికి చక్రవర్తి పిలుపు కన్నా తన ఇంటి విస్తరే పెద్దదని చెప్పగల మనిషిగా జనం ఆమెను గుర్తుపెట్టుకున్నారన్నది కాదనలేని నిజం. గన్నవరంలో పాత అక్విడక్టు పక్కన తరువాతి కాలంలో కట్టిన కొత్త అక్విడక్టుకు ఆమె పేరే పెట్టారు.

ఇదే పొయ్యి సమాజంతో తలపడటానికి కూడా పనికివచ్చిందని రాజమహేంద్రవరంలో జరిగిన ఘటన చెబుతుంది. 1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగం అక్కడ తొలి వితంతు వివాహం జరిపించాడు. పెళ్లి ఆయన పేరుతో చరిత్రకెక్కింది. అయితే ఆ పెళ్లికి వంటవాళ్లు, నీళ్లు మోసేవాళ్లు బహిష్కారానికి వెరచి రాకుండా పోయినప్పుడు, గోదావరి నుంచి బిందెలతో నీళ్లు తెచ్చి వంట చేసింది ఆయన భార్య రాజ్యలక్ష్మి. వేదికపై ఉపన్యాసం ఇచ్చినవారికి పొగడ్త దక్కింది కాని, ఊరంతా కళ్లప్పగించి చూస్తుండగా బిందె ఎత్తుకుని గట్టెక్కిన స్త్రీకి ఎక్కువ ధైర్యం కావాలి. బంధువులు వెలివేసిన తరువాత కూడా వితంతువులైన ఆడపిల్లలను తన ఇంట్లో పెట్టుకుని సాకిన ఆమె 1910లో కన్నుమూసింది. ఈ సంస్కరణ ఉద్యమ చరిత్రను ఆమె వైపు నుంచి తిరిగి రాయవలసిన అవసరం ఇప్పటికీ తీరలేదు.

ద్రాక్షారామంలో 1881లోనే పుట్టిన దువ్వూరి సుబ్బమ్మ ఆ తరువాతి తరం మనిషి. చిన్న వయసులో భర్తను పోగొట్టుకున్న ఆమెకు ఆనాటి ఆచారం చూపిన దారి ఇంటి మూల మాత్రమే. ఆమె సంస్కృతాంధ్రాలు చదువుకుని, పురాణాల్లో పట్టు సంపాదించి, ఆ పాండిత్యాన్నే సహాయ నిరాకరణోద్యమ వేదిక మీదికి తెచ్చింది. 1922లో ఆమెకు ఒక సంవత్సరం జైలు శిక్ష పడింది, క్షమాపణ చెబితే విడిచిపెడతామన్నా ఆమె ఒప్పుకోలేదు. తరువాత రాజమహేంద్రవరంలో స్త్రీల కోసం విద్యాలయం నడిపింది, 1964లో మరణించింది. భారత భాగవతాలు వినడానికి అలవాటుపడిన పల్లె స్త్రీలకు పురాణ కథనశైలిలోనే స్వరాజ్యం సంగతి చెప్పడం వల్ల ఆమె మాట, పట్నం నాయకుల ఇంగ్లీషు ఉపన్యాసం చేరలేని చోటికి చేరింది. అదే ఉద్యమ కాలంలో, 1923 కాకినాడ కాంగ్రెసులో ఖద్దరు ప్రదర్శన ద్వారం దగ్గర నిలబడ్డ పద్నాలుగేళ్ల దుర్గాబాయి, టిక్కెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూను ఆపిన సంగతి అందరికీ తెలిసినదే. ఆ బాలిక గొంతు పెంచలేదు, గుడ్లురిమి చూడలేదు. తనకు అప్పగించిన నియమాన్ని పాటించింది. నిర్వాహకులు టిక్కెట్టు కొన్నాకే నెహ్రూ లోపలికి వెళ్లాడు.

ఇంతవరకు చెప్పినదాన్ని బట్టి స్త్రీ బలం ఓర్పులో, సేవలో ఉందని తేల్చేస్తే అది పెద్ద పొరపాటవుతుంది, ఎందుకంటే ఓర్పును పొగడటం ద్వారానే ఆమెను శతాబ్దాల తరబడి కట్టిపడేశారు. సీతమ్మకు భూమి ఉన్న ఇల్లు, ఒప్పుకున్న భర్త ఉన్నారు. అదే కాలంలో అదే గన్నవరం పొలాల్లో మోకాటి లోతు బురదలో నడుం వంచి ఊడ్పులు ఊడ్చిన, అంటే ఆకుమడిలో పెరిగిన వరినారును పీకి చేలో నాటిన కూలి స్త్రీలకు ఆ రెండూ లేవు. కోనసీమ వరి అంతా, నాటి సార్వా అయినా నేటి దాళ్వా అయినా, వాళ్ల చేతుల మీదుగానే సాగింది. వానలో గంటల తరబడి వంగి నిలబడటం, జలగలను వదిలించుకుంటూ వరస తప్పకుండా వెనక్కి నడవడం, పొద్దుగూకాక ఇంటికి వెళ్లి మళ్లీ పొయ్యి ముట్టించడం ఏ కొలతతో చూసినా కాఠిన్యమే. కాని అరక దున్నడం, గట్టు వేయడం, బస్తా మోయడం మగపనులుగా, బరువు పనులుగా లెక్కకు వచ్చాయి. నాట్లు, కలుపు, కోతలు తేలిక పనులుగా లెక్కకెక్కి తక్కువ కూలికి దిగాయి. 1976లో సమాన వేతన చట్టం వచ్చిన తరువాత కూడా పల్లెల్లో ఆడకూలి, మగకూలి అనే రెండు రేట్లు కొనసాగాయి. అందువల్ల మగవాడి మొండితనం స్త్రీకి అవసరమా అని అడగటంలోనే ఒక లోపం దాగి ఉంది. ఆ మొండితనంలో ఏది నిజంగా పనికివచ్చేదో అది ఆమె దగ్గర మొదటినుంచీ ఉంది. ఆమెకు లేనిది దానికి తగిన పేరు, తగిన కూలి, తన పేరు మీద నేల.

ఆత్రేయపురం పూతరేకుల చరిత్ర ఈ సంగతిని ఇంకా స్పష్టంగా చూపుతుంది. రావులపాలెం దాటే ప్రయాణికులు రహదారి పక్క దుకాణాల్లో డబ్బాలుగా కొనే ఈ మిఠాయి ఆ ఊరి స్త్రీల చేతివిద్య. 2023లో దీనికి భౌగోళిక గుర్తింపు, అంటే ఒక వస్తువు పేరును అది పుట్టిన ప్రాంతంవారికే పరిమితం చేసే చట్టబద్ధ రక్షణ, లభించింది. రేకు తీయడానికి బియ్యం నానబెట్టి, పాలకన్నా కాస్త చిక్కగా ఉండేలా పలచని పిండి రుబ్బుతారు. నున్నని అడుగు గల పెద్ద కుండను బోర్లించి, దాని పక్కకు ఉన్న రంధ్రంలోంచి ఎండుటాకులు, కొబ్బరి మట్టలు లోపలికి ఎగదోసి మంట పెడతారు. కుండ అడుగు తగిన వేడికి రాగానే పలచని గుడ్డను పిండిలో ముంచి, రెండు చేతులా పట్టుకుని ఆ వేడి అడుగు మీద ఒక్కసారి పరచి లాగితే, కంటికి కనపడీ కనపడని పొర ఒకటి కుండను అంటుకుని క్షణాల్లో ఆరి, అంచులు పైకి లేస్తుంది. మంట ఎక్కువైతే పొర మాడుతుంది, తగ్గితే కుండను వదలదు. గుడ్డ పరచడంలో చెయ్యి వణికితే చిల్లు పడుతుంది. ఆ పొరను చిరగకుండా ఒలిచి పేర్చడం, తరువాత తడిగుడ్డతో కాస్త మెత్తబరచి నెయ్యి రాసి, పంచదార పొడో బెల్లం పొడో యాలకులతో కలిపి చల్లి మడవడం మరో విద్య.

పొయ్యి ముందు గంటలకొద్దీ కూర్చుని, పొగ కళ్లలోకి కొడుతుండగా, ముఖానికి సెగ తగులుతుండగా, ఊపిరికి కదిలిపోయే పొరను చెయ్యి వణకకుండా తీయడంలో కాఠిన్యం ఒక ఎత్తు, సుకుమారం ఒక ఎత్తు అని విడదీయడం అసాధ్యం. ఒకే వేళ్లలో రెండూ ఉన్నాయి. ఈ పనిని మగవాడి పద్ధతిలో చేయబోయినవారికి, అంటే బలమంతా పెట్టి నొక్కినవారికి, రేకు రాదు. ఈ విద్య తల్లి నుంచి కూతురికి, అత్త నుంచి కోడలికి ఇంట్లోనే అందుతూ వచ్చింది, ఏ బడిలోనూ దీనికి పాఠం లేదు. అయితే ఇళ్లలో రేకు తీసే స్త్రీలకు రేకుల లెక్కన ముట్టే కూలికీ, అదే రేకు నెయ్యి పూసుకుని రహదారి మీదికి వచ్చాక పలికే ధరకూ మధ్య ఉన్న దూరమే ఈ వృత్తి చరిత్రలో రాయవలసిన అధ్యాయం. భౌగోళిక గుర్తింపు ఊరి పేరును కాపాడింది; కుండ ముందు కూర్చున్న మనిషి వాటాను అది దానంతటదే పెంచదు.

వండి పెట్టే ఇదే చేతులు ఇరవయ్యో శతాబ్ది చివరి దశాబ్దాల్లో సముద్రం కూడా దాటాయి. కోనసీమ నుంచి, వశిష్ఠకు ఆవల పశ్చిమ గోదావరి నుంచి వేలాది స్త్రీలు కువైట్, ఒమన్, ఖతర్ వంటి గల్ఫ్ దేశాలకు ఇంటిపనికి వెళ్లారు. భర్త, పిల్లలు ఇక్కడ ఉండగా భాష రాని ఇంట్లో ఏళ్లతరబడి ఒంటరిగా బతుకుతూ వాళ్లు పంపిన డబ్బుతో రాజోలు, మలికిపురం పల్లెల్లో పూరిళ్లు డాబాలయ్యాయి. కుటుంబానికి యజమానులై నిలిచిన ఈ స్త్రీలను ఊరు మాత్రం చాలాకాలం అనుమానంతోనే చూసింది. వలస అనుమతి తప్పనిసరిగా ఉన్న దేశాలకు ఇంటిపనికి వెళ్లే స్త్రీకి కనీసం 30 ఏళ్లు నిండాలని ప్రభుత్వం నియమం పెట్టింది. ఆ నియమం వెనుక రక్షణ ఉద్దేశం ఉన్నా, దాన్ని తప్పించుకోవడానికి దళారులను ఆశ్రయించినవారు మరింత ప్రమాదంలో పడ్డారు. ధైర్యం వాళ్ల దగ్గర కావలసినంత ఉంది, వాళ్లకు లేనిది ఆ ధైర్యం వెనుక నిలబడే చట్టం, చేతిలో తమ పాస్‌పోర్టు.

2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పాఠశాలల మధ్యాహ్న భోజన పథకానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టింది, మరుసటి జనవరిలో దాన్ని ప్రభుత్వ జూనియర్ కళాశాలలకూ విస్తరించింది. రావులపాలెం మండలంలోని బడుల్లోనూ ఆ పేరుతోనే ప్రతిరోజూ పొయ్యి వెలుగుతోంది, గుండిగ వంచి గంజి వార్చే పని ఇప్పటికీ ఎక్కువగా స్త్రీలదే. వాళ్లకు ఇచ్చేదాన్ని జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. ఆ మొత్తాన్ని 2019లో నెలకు 1000 రూపాయల నుంచి 3000 రూపాయలకు పెంచారు. పథకం మీద సీతమ్మ పేరు ఉన్నంతకాలం, వంద మందికి వండే మనిషి నెల కష్టం ఆ మొత్తానికి సరిపోతుందా అన్న లెక్కను ప్రభుత్వమూ, ఆ అన్నం తినే పిల్లల తల్లిదండ్రులూ కలిసి తేల్చవలసి ఉంటుంది.